ఓడిపోయామనుకున్నాక గెలిస్తే

2011 అక్టోబర్ 27 రాత్రి. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరం, బుష్ స్టేడియం. బేస్‌బాల్ వరల్డ్ సిరీస్‌లో ఆరో ఆట. సిరీస్‌లో 3-2తో ముందున్న టెక్సస్ రేంజర్స్‌కు ఈ ఒక్క ఆట గెలిస్తే చాలు, జట్టు చరిత్రలోనే తొలి టైటిల్ వస్తుంది. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్ నడుస్తోంది. రేంజర్స్ 7, సొంతగడ్డ మీద ఆడుతున్న కార్డినల్స్ 5. ఇద్దరు ఔటయ్యారు. బ్యాట్ పట్టుకున్న డేవిడ్ ఫ్రీస్‌కు అప్పటికే రెండు స్ట్రైక్‌లు పడ్డాయి. మూడోది పడితే అతను ఔట్, దాంతో ఆటా అయిపోతుంది, సిరీసూ అయిపోతుంది.

ఫ్రీస్ కొట్టిన బంతి కుడివైపు ఫీల్డర్ నెల్సన్ క్రజ్ తల మీదుగా వెళ్లిపోయింది. రన్ పూర్తి కావాలంటే చుట్టి రావాల్సిన మజిలీలైన బేస్‌ల మీదున్న ఇద్దరూ పరిగెత్తుకొచ్చేశారు. 7-7.

సమం కావడంతో ఆట అదనపు ఇన్నింగ్స్‌కు వెళ్లింది. పదో ఇన్నింగ్‌లో జోష్ హామిల్టన్ హోమ్ రన్‌తో, అంటే బంతిని గోడ దాటించిన దెబ్బతో, రేంజర్స్ 9-7తో మళ్లీ ముందుకెళ్లారు. కార్డినల్స్ మళ్లీ ఆఖరి స్ట్రైక్ దాకా వచ్చారు. ఈసారి లాన్స్ బర్క్‌మన్ ఆదుకున్నాడు, 9-9. పదకొండో ఇన్నింగ్‌లో బ్యాటింగ్ మొదలవగానే మళ్లీ ఫ్రీస్. ఈసారి హోమ్ రన్, 10-9. అతను సెయింట్ లూయిస్ శివార్లలో పెరిగినవాడే కావడంతో ఆ ఊరి సంబరానికి హద్దు లేకుండా పోయింది. మర్నాడు ఏడో ఆట కూడా గెలిచి కార్డినల్స్ కప్పు పట్టుకెళ్లారు.

ఇదే ఆటలో కార్డినల్స్ మొదటి ఇన్నింగ్ నుంచీ ఆధిక్యంలో ఉండి, అదే 10-9తో గెలిచారనుకుందాం. పట్టికలో తేడా ఏమీ ఉండదు. అభిమానులు అప్పుడూ సంతోషించేవాళ్లే. కానీ ముక్కూమొహం తెలియని పక్కసీటు మనిషిని కావలించుకుని ఏడ్చేవాళ్లా? అనుమానమే. ఫలితం ఒకటే అయినా ఆనందంలో ఇంత తేడా ఎందుకొస్తుందన్నది మెదడు శాస్త్రజ్ఞులకే కాదు, ఆర్థికవేత్తలకు కూడా ఆసక్తి పుట్టించిన ప్రశ్న.

ముందు ఆట సంగతి. క్రికెట్ వన్డేలో రెండోసారి బ్యాటింగ్ చేసే జట్టుకు బంతులు లెక్కపెట్టి ఉంటాయి. ఆఖరి ఓవర్లో అరవై పరుగులు కావాలంటే టీవీ కట్టేసి పడుకోవచ్చు. బేస్‌బాల్‌లో అలాంటి గీత లేదు. తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్‌కు మూడు ఔట్‌లు, మొత్తం 27. ఆఖరి ఔట్ పడేదాకా ఎన్ని రన్స్ అయినా చేయొచ్చు, ఎంతసేపైనా ఆడొచ్చు. ఓటమి ఖాయమైపోయే క్షణమంటూ ముందుగా రాదు. 2001 ఆగస్ట్ 5న క్లీవ్‌లాండ్ జట్టు ఏడో ఇన్నింగ్ మధ్యలో 14-2తో వెనకబడి ఉంది. ఎదురుగా ఉన్నది ఆ ఏడాది 116 ఆటలు గెలిచిన సియాటిల్ మెరీనర్స్. చివరికి పదకొండు ఇన్నింగ్స్‌లో క్లీవ్‌లాండే 15-14తో గెలిచింది.

అలాగని ఇవి తరచూ జరుగుతాయనుకుంటే పొరపాటు. ఆధిక్యంతో తొమ్మిదో ఇన్నింగ్‌లో అడుగుపెట్టిన జట్టు దాదాపు 95 శాతం సార్లు గెలుస్తుంది. దశాబ్దాలు గడిచినా, బౌలర్ లాంటి పాత్ర పోషించే పిచర్లను ఎన్ని కొత్త పద్ధతుల్లో వాడినా, ఈ అంకె పెద్దగా మారలేదు. ఏ దశలో ఎంత ఆధిక్యం ఉంటే గెలిచే అవకాశమెంత అని తొలిసారి శ్రద్ధగా లెక్కకట్టినవారిలో కెనడా రక్షణ పరిశోధకుడు జార్జ్ లిండ్సే ఒకరు. ఆయన వ్యాసం 1961లో వచ్చింది. ఇప్పుడు ఆ లెక్క ప్రతి బంతికీ మారుతూ ఇంటర్నెట్‌లో గ్రాఫ్‌గా కనిపిస్తుంది. మామూలు ఆటలో ఆ గీత మెల్లగా ఒకవైపు ఒరిగి అక్కడే ఉండిపోతుంది. 2011 ఆరో ఆట గ్రాఫ్ చూస్తే ఈసీజీ తీసిన కాగితంలా ఉంటుంది.

ఆ గీతలోనే ఆనందం రహస్యం కొంత ఉందని జెఫ్రీ ఈలీ, అలెగ్జాండర్ ఫ్రాంకెల్, ఎమిర్ కమెనికా అనే ఆర్థికవేత్తలు 2015లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. వాళ్లు రెండు విషయాలను విడదీశారు, ఉత్కంఠ ఒకటి, ఆశ్చర్యం ఒకటి. ఇప్పటిదాకా మనం నమ్ముతున్నది ఈ క్షణంలో ఎంత తలకిందులైందో అది ఆశ్చర్యం. వచ్చే క్షణంలో ఎంత తలకిందులు కావచ్చో అది ఉత్కంఠ. ఒకటి వెనక్కి చూస్తుంది, రెండోది ముందుకు. ఇద్దరు ఔటై, బేస్‌ల మీద ఇద్దరుండి, రెండు స్ట్రైక్‌లు పడి, పిచర్ బంతి చేతిలో తిప్పుకుంటున్నప్పుడు ఏమీ జరగడం లేదు. అయినా గుండె గొంతులోకి వస్తుంది, ఎందుకంటే వచ్చే అర సెకనులో ఆట అటో ఇటో పూర్తిగా తిరిగిపోవచ్చు. బంతికీ బంతికీ మధ్య ఆ ఖాళీ సమయమే ఈ ఆటకు ప్రాణం. 2023లో అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్, పిచర్లకు గడియారం పెట్టింది. బేస్‌లు ఖాళీగా ఉంటే 15 సెకన్లలో బంతి వేయాలి. ఆటలు చాలా పొట్టివయ్యాయి, జనానికీ నచ్చింది. నాకైతే మొదటి ఏడు ఇన్నింగ్స్‌కు ఆ గడియారం బాగుంది, తొమ్మిదో ఇన్నింగ్‌లో మాత్రం దాన్ని కట్టేస్తే బాగుండుననిపిస్తుంది.

ఆశ్చర్యం సంగతికొస్తే, దాని ఖాతా మెదడులో డోపమైన్ కణాలు చూసుకుంటాయి. డోపమైన్ అంటే 'ఆనంద రసాయనం' అని పత్రికల్లో పదేపదే చదువుతుంటాం. అసలు విషయం అంతకన్నా ఆసక్తికరం. స్విట్జర్లాండ్‌లో వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే మెదడు శాస్త్రజ్ఞుడు కోతుల మెదడులో సన్నని ఎలక్ట్రోడ్లు పెట్టి, నోట్లో పళ్లరసం చుక్క వేస్తూ ఈ కణాలను గమనించారు. ఊహించని రసం దొరికితే కణాలు గట్టిగా స్పందించాయి. దీపం వెలిగిన తర్వాత రసం వస్తుందని కోతికి అలవాటయ్యాక, స్పందన దీపం దగ్గరికి జరిగింది. రసం వచ్చినప్పుడు మాత్రం కణాలు పట్టించుకోలేదు. రసం అదే, తీపి అదే, కానీ అది ముందే లెక్కలో ఉంది. దీపం వెలిగీ రసం రాకపోతే? సరిగ్గా రావాల్సిన క్షణంలో కణాల స్పందన మామూలు స్థాయి కన్నా కిందికి పడిపోయింది. అంటే ఈ కణాలు కొలిచేది దొరికినదాన్ని కాదు, దొరికినదానికీ అనుకున్నదానికీ మధ్య తేడాను. 1997లో షుల్ట్జ్, పీటర్ దయాన్, రీడ్ మాంటేగ్ కలిసి ఈ ఆలోచనను గణిత రూపంలో ప్రచురించారు.

కోతి మీద తేలింది మనిషి సంతోషానికి వర్తిస్తుందా? లండన్‌లో రాబ్ రట్లెడ్జ్ బృందం 2014లో దీన్ని పరీక్షించింది. చిన్న చిన్న పందేల ఆట ఆడిస్తూ, మధ్యమధ్యలో 'ఇప్పుడు ఎంత సంతోషంగా ఉన్నారు?' అని అడిగారు. ముందు ప్రయోగశాలలో, తర్వాత ఫోన్ యాప్‌లో 18,420 మందితో. ఆ క్షణపు సంతోషాన్ని నిర్ణయించింది మొత్తం ఎంత గెలిచారన్నది కాదు, అనుకున్నదానికన్నా మెరుగ్గా జరిగిందా అన్నది. ఈ లెక్కన 95 శాతం ఖాయమైన గెలుపు నుంచి మిగిలే ఆశ్చర్యం ఐదు వంతులే. ఐదు శాతం నుంచి ఎగబాకిన గెలుపులో అది తొంభై ఐదు. తొమ్మిదో ఇన్నింగ్‌లో అభిమాని పడే నిరాశ వృథా పోవడం లేదన్నమాట. అతను ఎంత లోతుకు దిగాడో గెలిచినప్పుడు అంత ఎత్తుకు లేస్తాడు.

ఈ పొంగు స్టేడియం గేటు దగ్గర ఆగిపోదు. న్యూయార్క్ నగరంలో స్థానిక జట్లు అనుకోకుండా గెలిచిన తర్వాత జనం లాటరీ మీద మామూలుకన్నా ఎక్కువ ఖర్చు పెడుతున్నారని రాస్ ఒట్టో, స్టీఫెన్ ఫ్లెమింగ్, పాల్ గ్లిమ్‌చర్ 2016లో చూపించారు. ఆటకీ లాటరీకీ ఏ సంబంధమూ లేదు, అదృష్టం తిరిగిందన్న భావన మాత్రం మిగిలిపోతోంది.

డోపమైన్‌తో కథ మొత్తం తేలదు. గుండెదడ, చేతుల్లో చెమట, బిగుసుకున్న దవడ, ఇవన్నీ టెన్షన్ పని. మనసు ఒక్క క్షణంలో 'పోయింది' నుంచి 'గెలిచాం'కి మారగలదు. ఒంట్లో అడ్రినలిన్ అంత వేగంగా దిగదు, నిమిషాలు పడుతుంది. 1970లలో డాల్ఫ్ జిల్‌మన్ అనే మనస్తత్వవేత్త జనంతో వ్యాయామ సైకిల్ తొక్కించి, కాసేపాగి, ఉద్రేకం కలిగించే దృశ్యాలు చూపించారు. తాము మామూలు స్థితికి వచ్చేశామని వాళ్లు అనుకుంటున్నా, ఒంట్లో వేగం ఇంకా మిగిలి ఉన్న సమయంలో చూసినవాళ్లే అందరికన్నా ఎక్కువగా స్పందించారు. పాత ఉద్వేగం కొత్త భావానికి ఇంధనమైంది. బంతి గోడ దాటిన క్షణంలో అభిమాని ఒంట్లో ఉన్నదంతా భయం తాలూకు వేగమే. ఇప్పుడు దాని పేరు ఆనందం. గెలిచాక ఏడుపు రావడం నాకు ఇందుకే వింతగా అనిపించదు.

ఇది కేవలం మాటవరసకు చెప్పే గుండెదడ కాదు కూడా. 2006 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ సమయంలో, జర్మనీ ఆడిన రోజుల్లో మ్యూనిక్ ప్రాంతంలో గుండె సంబంధమైన అత్యవసర కేసులు మామూలు రోజుల కన్నా 2.66 రెట్లు నమోదయ్యాయి. గుండె జబ్బున్నవాళ్లు తొమ్మిదో ఇన్నింగ్‌ను కాస్త జాగ్రత్తగా చూడటం మంచిది.

ఇంట్లో ఒక్కరే చూస్తే ఇదే ఆనందం ఎందుకు పలచబడుతుంది? వేలమంది ఒకేసారి లేచి, ఒకే లయలో అరవడం దానికదే ఒక మందు కావచ్చు. ఆక్స్‌ఫర్డ్‌లో పడవ పందేల కుర్రాళ్ల మీద 2010లో ఒక చిన్న ప్రయోగం జరిగింది. ఒంటరిగా తెడ్డు వేసిన తర్వాత కన్నా, అదే శ్రమతో కలిసి వేసిన తర్వాత వాళ్లు నొప్పిని ఎక్కువగా భరించారు. ఒంట్లోనే తయారయ్యే నొప్పినివారిణులైన ఎండార్ఫిన్లు ఇందుకు కారణమని పరిశోధకుల ఊహ. నేరుగా కొలవలేదు కాబట్టి దాన్ని ఊహగానే తీసుకుందాం.

ఆ గుంపులో నమ్మకాలకూ కొదవలేదు. జట్టు వెనకబడితే అమెరికన్ అభిమానులు టోపీని లోపలి వైపు బయటికి తిప్పి పెట్టుకుంటారు, దాన్ని 'ర్యాలీ క్యాప్' అంటారు. 2002 వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో ఏంజెల్స్ 5-0 నుంచి 6-5కి ఎగబాకినప్పుడు, పెద్ద తెర మీద గెంతే కోతి బొమ్మకు కూడా ఆ ఘనతలో వాటా ఇచ్చారు. నవ్వుకోవచ్చు గానీ, చేతిలో ఏమీ లేనివాడికి చేయడానికి ఏదో ఒకటి దొరకడం చిన్న విషయం కాదు.

వెళ్లిపోయినవాళ్ల సంగతీ చెప్పాలి. 1988 అక్టోబర్ 15న లాస్ ఏంజెలిస్‌లో డాడ్జర్స్ 4-3తో వెనకబడి, ఇద్దరు ఔటయ్యాక, రెండు కాళ్లకూ దెబ్బలతో కుంటుతూ వచ్చిన కర్క్ గిబ్సన్ హోమ్ రన్ కొట్టి 5-4తో గెలిపించాడు. ఆనాటి టీవీ దృశ్యంలో బంతి స్టాండ్స్ వైపు వెళ్తుంటే, వెనక పార్కింగ్‌లో ఇంటికి బయల్దేరిన కార్ల ఎర్ర లైట్లు కనిపిస్తాయి. లెక్కప్రకారం వాళ్లు చేసింది తెలివైన పనే. ట్రాఫిక్ తప్పించుకున్నారు. ఫలితం రేడియోలో విన్నప్పుడు వాళ్లకు ఆశ్చర్యం దక్కి ఉంటుంది, ఆ ఉత్కంఠ మాత్రం దక్కలేదు.

ఇక ఎదుటి పక్షం. షుల్ట్జ్ కోతికి దీపం వెలిగి రసం రానట్టే, రేంజర్స్ అభిమానులకు 2011 నాటి ఆ రాత్రి రెండుసార్లు జరిగింది. వాళ్లు 2023 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ తొలి ఆటలో రేంజర్స్ తొమ్మిదో ఇన్నింగ్‌లో 5-3తో వెనకబడి ఉంటే, కోరీ సీగర్ హోమ్ రన్‌తో సమం చేశాడు. పదకొండో ఇన్నింగ్‌లో అడోలిస్ గార్సియా హోమ్ రన్‌తో గెలిచారు. తేదీ అక్టోబర్ 27. పన్నెండేళ్ల తర్వాత అదే రోజు, అదే ఇన్నింగ్. ఇది కాకతాళీయమే, కానీ టెక్సస్‌లో ఎవరికైనా ఆ మాట చెప్పి చూడండి.

మన గెలుపే కాదు, ప్రత్యర్థి ఓటమి కూడా తీపే. మీనా చికారా బృందం 2011లో బోస్టన్ రెడ్ సాక్స్, న్యూయార్క్ యాంకీస్ వీరాభిమానులకు ఆటలు చూపిస్తూ మెదడు స్కాన్ తీసింది. ప్రత్యర్థి జట్టు విఫలమైనప్పుడల్లా, డోపమైన్ చేరే వెంట్రల్ స్ట్రయేటం అనే భాగం చురుకైంది. ఆ ప్రత్యర్థి తమ జట్టుతో కాక, ఏ పగా లేని బాల్టిమోర్ ఓరియోల్స్‌తో ఆడి విఫలమైనా అంతే.

ఈ రెండు జట్ల అభిమానుల మీదే మరో పరిశోధన ఉంది. 2003లో రెడ్ సాక్స్ మీద యాంకీస్ లీగ్ టైటిల్ గెలిచారు. 2004లో అదే పోరులో 3-0తో వెనకబడిన రెడ్ సాక్స్, నాలుగో ఆట తొమ్మిదో ఇన్నింగ్‌లో ఓటమి అంచు నుంచి లేచి వరసగా నాలుగూ గెలిచారు. మేజర్ లీగ్‌లో అంతకుముందు ఏ జట్టూ అలా గెలవలేదు. ఆ రెండేళ్ల ఆఖరి ఆటల్లో ఏం జరిగిందో కరోలిన్ బ్రెస్లిన్, మార్టిన్ సేఫర్ కొన్నేళ్ల తర్వాత 1,563 మంది అభిమానులను అడిగారు. ఎవరికి వాళ్లు తమ జట్టు గెలిచిన ఆటనే ఎక్కువ వివరంగా, ఎక్కువ సరిగ్గా గుర్తుపెట్టుకున్నారు. కారణం పెద్ద మర్మమేమీ కాదు. గెలిచిన ఆట గురించి వాళ్లు మళ్లీ మళ్లీ తలచుకున్నారు, చెప్పుకున్నారు. ఓడిన ఆట ఊసు ఎత్తలేదు.