రాష్ట్రం దాటి టెండరు వేస్తున్నారా? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో పదిహేనేళ్లుగా చిన్న కాంట్రాక్టర్లకు, సప్లయర్లకు టెండరు కాగితాలు తయారు చేసి పెడుతున్నాను. పొరుగు రాష్ట్రంలో మొదటిసారి టెండరు వేసేవాళ్లు రేటు, రవాణా ఖర్చు అన్నీ లెక్కేసుకునే వస్తారు. రూల్స్ సంగతి అడిగితే మాత్రం "ఎక్కడైనా అవే కదండీ" అంటారు. ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే.

అపోహ: దేశమంతటికీ ఒకే టెండరు చట్టం ఉంది.

వాస్తవం: లేదు. 2012లో లోక్‌సభలో ప్రభుత్వ కొనుగోళ్ల బిల్లు పెట్టారు. 2014లో ఆ సభ రద్దవడంతో బిల్లుకూ కాలం చెల్లింది. కేంద్ర శాఖలు 2017 నాటి సాధారణ ఆర్థిక నిబంధనల ప్రకారం నడుస్తాయి. మనం జీఎఫ్ఆర్ అనేది వాటినే. అవి ప్రభుత్వం తన శాఖలకు పెట్టుకున్న నియమాలు, పార్లమెంటు చేసిన చట్టం కాదు. రాష్ట్రాల దారి వేరు. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో, రాజస్థాన్ 2012లో, అస్సాం 2017లో సొంత చట్టాలు చేసుకున్నాయి.

మన రెండు రాష్ట్రాల్లో అలాంటి సమగ్ర చట్టం లేదు. ఇక్కడ నడిచేది జీవోల మీద, శాఖల కోడ్‌ల మీద. 2003 నాటి నీటిపారుదల శాఖ జీవో 94 పేరు వినని కాంట్రాక్టరు ఉండడు. అంచనా విలువ మీద 5 శాతానికి మించి ఎక్సెస్ (ఎక్కువ రేటు) వేస్తే టెండరు చెల్లదని, 25 శాతానికి మించి లెస్ (తక్కువ రేటు) వేస్తే ఆ తేడాకు అదనపు సెక్యూరిటీ కట్టాలని చెప్పింది అదే. జీవోలతో చిక్కేమిటంటే, ప్రభుత్వం మారితే పద్ధతి మారిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రివర్స్ టెండరింగ్ (వచ్చిన తక్కువ రేటు మీద ఇంకా తగ్గించమని మళ్లీ పోటీ పెట్టడం) వచ్చింది, 2024లో పోయింది. రూ.100 కోట్లు, ఆపైన విలువున్న ప్రాజెక్టుల టెండరు పత్రాలను ముందే న్యాయమూర్తి పరిశీలించాలన్న చట్టానిదీ అదే కథ: 2019లో తెచ్చారు, 2024లో రద్దు చేశారు. ఐదేళ్లలో రెండుసార్లు ఆట నియమాలు మారితే చిన్న కాంట్రాక్టరు దేన్ని నమ్ముకుని మిషన్లు కొనాలి? రెండు రాష్ట్రాలూ ఒక చట్టం చేసి దానికి కట్టుబడాలని నేను ఎప్పటినుంచో అంటున్నాను.

అపోహ: ఉద్యం సర్టిఫికెట్ (చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదైన పత్రం) ఉంటే ఈఎండీ (టెండరుతో పాటు కట్టే ధరావతు) ఎక్కడా కట్టనక్కర్లేదు.

వాస్తవం: నా దగ్గరికి వచ్చేవాళ్లను ఎక్కువగా ముంచుతున్నది ఈ నమ్మకమే. ఈఎండీ మినహాయింపు ఇచ్చింది 2012 నాటి కేంద్ర ఉత్తర్వు. అది కేంద్ర శాఖలకు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు వర్తిస్తుంది. రాష్ట్రాలు కావాలంటే ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం సెక్షన్ 11 కింద తమ విధానం తాము ప్రకటించుకోవచ్చు. కొన్ని రాష్ట్రాలు స్థానిక యూనిట్లకే ఆ రాయితీ ఇస్తాయి. కరీంనగర్ వైపు నుంచి స్కూలు బెంచీలు తయారుచేసే ఒకాయన పొరుగు రాష్ట్రపు టెండరుకు ఈఎండీ బదులు ఉద్యం సర్టిఫికెట్ జతచేశారు. అర్హత కాగితాలు చూసే టెక్నికల్ బిడ్‌లోనే తీసేశారు, ఆయన రేటు తెరిచి కూడా చూడలేదు. నెల రోజుల కష్టం పోయింది. నా దగ్గరికి వచ్చి ఆయన కూర్చున్న తీరు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

ఇంకో మాట. కేంద్ర టెండర్లలో కూడా ఆ మినహాయింపు సరుకులకు, సేవలకే. సివిల్ పనులకు లేదు, కొని అమ్మే ట్రేడర్లకూ లేదు.

అదే ఎంఎస్‌ఎంఈ చట్టంలో రాష్ట్రం మారినా మారని రక్షణ ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ వాడుకోరు. చిన్న పరిశ్రమకు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కొన్నది ఏ రాష్ట్ర ప్రభుత్వమైనా మీ సొంత రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లోనే (ఈ బకాయిల గొడవలు తేల్చే సంస్థ) ఫిర్యాదు చేయొచ్చు. సివిల్ పనుల విషయంలో మాత్రం హైకోర్టుల తీర్పులు ఒకేలా లేవు, ముందు లాయరును అడగండి.

అపోహ: కేంద్రం ఆర్డరు రాష్ట్ర టెండరుకు ఎప్పుడూ వర్తించదు.

వాస్తవం: వర్తించిన సందర్భం ఉంది. మనతో భూసరిహద్దు ఉన్న దేశాల బిడ్డర్లు ముందుగా రిజిస్టర్ చేసుకోవాలని 2020 జులైలో కేంద్రం ఆదేశించింది. రాజ్యాంగంలోని 257(1) అధికరణాన్ని ప్రయోగించి రాష్ట్రాలనూ అందులోకి తెచ్చింది.

అపోహ: బయటి రాష్ట్రం వాళ్లను షరతులతో ఆపేయొచ్చు, మనం చేయగలిగిందేమీ లేదు.

వాస్తవం: ఛత్తీస్‌గఢ్‌లో స్పోర్ట్స్ కిట్ల టెండరుకు, గతంలో ఆ రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకే సప్లయ్ చేసిన అనుభవం ఉండాలని షరతు పెట్టారు. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇలాంటి షరతు కనిపిస్తే వదిలేసి వెళ్లకండి. బిడ్లు వేయకముందు సందేహాల కోసం పెట్టే ప్రీబిడ్ మీటింగ్‌కు ముందే రాతపూర్వకంగా ప్రశ్నించండి.

అపోహ: అన్యాయం జరిగితే నేరుగా హైకోర్టుకు పోవడమే.

వాస్తవం: మన రెండు రాష్ట్రాల్లో చాలావరకు అంతే. చట్టబద్ధమైన అప్పీలు లేదు కాబట్టి రాజ్యాంగంలోని 226 అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయాలి. అక్కడ కోర్టు చూసేది నిర్ణయం తీసుకున్న తీరు సక్రమంగా ఉందా అన్నదే. 1994లో టాటా సెల్యులార్ కేసు నుంచీ అదే పద్ధతి. సొంత చట్టం ఉన్న రాష్ట్రాల్లో అప్పీలుకు దారి ఉంది, దానికి గడువూ ఉంది. తమిళనాడులో 10 రోజులు, కర్ణాటకలో 30 రోజులు, రాజస్థాన్‌లో 10 రోజులు. తమిళనాడు టెండరులో నష్టపోయిన ఒకాయన దసరా అయ్యాక వద్దామని ఆగి, పద్నాలుగో రోజు వచ్చారు. కేసులో బలం ఉంది, గడువు లేదు. ఆర్డరు అందిన రోజే ఆ తేదీని కవరు మీద రాసిపెట్టుకోండి, కవరు పారేయకండి. మెయిల్‌లో వస్తే తేదీ కనిపించేలా అదే రోజు ప్రింటు తీయండి.