కాన్పు గదిలో ఎవరు లేరు?

తెలంగాణలో సిజేరియన్ల మీద మళ్లీ వాదన రేగింది. ప్రైవేటు ఆసుపత్రుల డబ్బాశ అని ఒకరంటే, ముహూర్తాల పిచ్చి అని ఇంకొకరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్‌తోనే అయ్యాయి. దేశ సగటు 21.5. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5. ఇవి అందరూ వల్లించే అంకెలే. ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల 44.5 శాతాన్ని మాత్రం ఎవరూ పెద్దగా ఎత్తరు. బిల్లు గుంజే పని లేనిచోట కూడా దాదాపు సగం మందికి కోత ఎందుకు పడుతోంది?

ఇంటి కాన్పుల నుంచి ఆసుపత్రి కాన్పులకు ఎలా వచ్చామో తెలిసిన కథే. అసలు మలుపు 1973లో ఉంది. పల్లెల్లో ఒక్కో కార్యక్రమానికి ఒక్కో ఉద్యోగి ఉండే పద్ధతి మాని, అన్ని పనులూ చేసే ఆరోగ్య కార్యకర్తను పెట్టమని కేంద్రం వేసిన కర్తార్ సింగ్ కమిటీ చెప్పింది ఆ ఏడాదే. ఏఎన్‌ఎం, అంటే ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్ (కాన్పులు చేసే పల్లె నర్సు) మీదికి ఆ బరువు వచ్చింది. అప్పటిదాకా ఆమె రెండేళ్ల చదువులో ప్రధానమైనది కాన్పు చేయడం. 1977లో ఆ చదువును 18 నెలలకు కుదించారు. టీకాలు, మలేరియా, కుటుంబ నియంత్రణ లక్ష్యాలు ముందుకొచ్చాయి. పేరులో మిడ్‌వైఫ్ ఉండిపోయింది, చేతిలోంచి కాన్పు జారిపోయింది.

కాన్పంటే కాచుకుని కూర్చునే పని. తొలిచూలు నొప్పులు పన్నెండు గంటలు దాటడం మామూలే. అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు వినాలి. గర్భిణిని కాసేపు నడిపించాలి, నడుము నిమరాలి, గుక్కెడు నీళ్లు తాగించాలి, అరిస్తే కసరకూడదు. ఆపరేషన్ మాత్రం గంటలో ముగుస్తుంది. కాచుకునే మనిషే లేని గదిలో, బయట ఇంకా పదిమంది ఎదురుచూస్తుంటే, డ్యూటీ డాక్టరు ఎటు మొగ్గుతారో వేరే చెప్పాలా?

2005లో జననీ సురక్షా యోజన, 2017లో కేసీఆర్ కిట్ గర్భిణులను ఆసుపత్రి గుమ్మం దాకా తెచ్చాయి. కిట్ పథకంలో 12,000 రూపాయలు, ఆడపిల్ల పుడితే 13,000 ఇచ్చారు. 2015-16 సర్వేకూ 2019-21 సర్వేకూ మధ్య రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పులు 30.5 శాతం నుంచి 49.7కు పెరిగాయి. అక్కడి సిజేరియన్లూ 40 శాతం దగ్గరి నుంచి 44.5కు చేరాయి. వచ్చినందుకు డబ్బిచ్చారు. పక్కన కూర్చునే మనిషినే ఇవ్వలేదు.

డాక్టర్ల వాదన వేరు. ఏదైనా జరిగితే బంధువులు దాడికి దిగుతారని, బీపీ, షుగరు ఉన్న గర్భిణులు పెరిగారని, కుటుంబాలే ఆపరేషన్ అడుగుతున్నాయని అంటారు. అందులో నిజం లేకపోలేదు. అయితే పంచాంగం చూసేవాళ్లకు కర్ణాటకలోనూ కొదవలేదు, అక్కడ 31.5 శాతమే. పైగా ఒకసారి కోత పడితే మలి కాన్పుకూ సాధారణంగా కోతే. అంకె తనంతట తానే పెరుగుతూ పోతుంది.

దీని దెబ్బ పసిబిడ్డకూ తగులుతుంది. తల్లి మత్తులో, సెలైన్ సూదితో వెల్లకిలా ఉంటే, బిడ్డ ఇంకో గదిలో అమ్మమ్మ చేతుల్లో ఉంటుంది. ముర్రుపాలు ఆలస్యమవుతాయి. తెలంగాణలో మూడేళ్లలోపు పిల్లల్లో పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగినవారు 37 శాతమే.

2017లోనే హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ప్రసూతి ఆసుపత్రి తోడ్పాటుతో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. నర్సింగ్ చదివి, అనుభవం ఉన్నవారే ఈ శిక్షణకు అర్హులు. మామూలు కాన్పులు వీళ్ల చేతికి వదిలి, చిక్కు వచ్చినప్పుడే డాక్టరును పిలవాలన్నది పద్ధతి. శిక్షణ కాలం 18 నెలలు. 1977లో ఏఎన్‌ఎంకు అన్ని పనులకూ కలిపి మిగిల్చిందీ అన్ని నెలలే.