చేపకి చెవిపోటు రాదా?

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య దీవెనలు.

బుజ్జీ, స్విమ్మింగ్ క్లాసులో చేరగానే నీకు చెవిపోటు వచ్చిందని అమ్మ ఫోన్లో చెప్పింది. చుక్కల మందుతో తగ్గుముఖం పట్టిందని విన్నాక నా మనసు కుదుటపడింది. "చేప రోజంతా నీళ్లలోనే ఉంటుందిగా, దానికెందుకు రాదు?" అని అడిగావట. చేపకీ చెవులున్నాయమ్మా. కానీ అవి తల లోపలే ఉంటాయి, బయటికి రంధ్రం ఉండదు. నీళ్లు దూరి నిలిచే చోటే లేదు. మనకు అలా కాదు. పెద్దవాళ్ల చెవిలో దాదాపు 2.5 సెంటీమీటర్ల దారి ఉంటుంది. కొంచెం వంపు తిరిగి, చివర కర్ణభేరి దగ్గర ఆగిపోతుంది. అందులోకి వెళ్లిన నీళ్లు ఒక్కోసారి అక్కడే ఉండిపోతాయి.

అమ్మమ్మ ఆవకాయ జాడీ గుర్తుందా? ముక్కల మీద నూనె తేలుతున్నంత కాలం ఏడాదైనా పచ్చడి చెడదు. తడి గరిటె పెట్టారా, బూజే. అందుకే కదా అమ్మమ్మ మిమ్మల్ని జాడీ దగ్గరికి రానివ్వదు! చెవిలో ఆ నూనె చేసే పనే గుబిలి చేస్తుంది. జిడ్డుగా ఉంటుంది కాబట్టి నీటిని చర్మానికి అంటనివ్వదు. దానికి కాస్త పులుపు గుణం కూడా ఉంది, అది సూక్ష్మజీవులకు గిట్టదు. గంటలకొద్దీ నీళ్లలో ఆడితే ఆ జిడ్డు కొట్టుకుపోయి లోపలి చర్మం నానుతుంది. ఇక సూడోమోనాస్ లాంటి బాక్టీరియాకి పండగే, అది తడిలో బతికే రకం. ఒక్కోసారి జాడీలో లాగే చెవిలోనూ నిజంగా బూజు పడుతుంది. ఉక్కపోత ఎక్కువున్న మన ఊళ్లలో అది మామూలే. బడ్స్, పిన్నీసులు పెట్టి గీకితే పైనున్న నూనె తోడేసినట్టే, పైగా చర్మం గీరుకుపోతుంది కూడా.

నేను ఈత నేర్చుకున్నది మా పొలం బావిలో. నడుముకి ఎండిన సొరకాయ బుర్ర కట్టి, మా బాబాయి మెట్టు మీద నుంచి తోసేసేవాడు. ఎండాకాలం సెలవులంతా కళ్లు ఎర్రబడేదాకా అందులోనే. పైకొచ్చాక ఎండకి కాలిన గులకరాయి చెవికి ఆనించుకుని, తల వంచి ఒంటికాలి మీద గెంతేవాళ్లం. గోరువెచ్చటి నీళ్లు జారి మెడ మీద పడేవి. ఆ హాయి ఇంకెందులోనూ లేదు! చెవిపోటు వస్తే మా నాయనమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసేది. ప్రేమతోనే పోసేది. కానీ ఎవరు చెప్పినా మీరు అది పోయించుకోవద్దు. వేడి నూనెతో చర్మం కాలుతుంది, కర్ణభేరికి చిల్లు ఉంటే ఇంకా ప్రమాదం.

ఇది ఈతవల్ల వచ్చిన చెవిపోటేనా అన్నది కొంతవరకు మీకే తెలుస్తుంది. చెవి రంధ్రం ముందుండే చిన్న బుడిపెను నొక్కినా, చెవిని పట్టి లాగినా ప్రాణం పోయినంత నొప్పి వస్తుంది. ముందు దురద, తర్వాత నొప్పి, చీములాంటి నీరు, దిబ్బడ. జలుబు తర్వాత వచ్చే చెవిపోటు వేరు, అది కర్ణభేరి వెనకాల పుడుతుంది. అందులో చెవిని లాగితే మామూలుగా నొప్పి పెరగదు. ఏదైనా సరే, చూసి తేల్చాల్సింది డాక్టరే. లోపల శుభ్రం చేసి చుక్కల మందు ఇస్తారు. మింగే యాంటీబయాటిక్ చాలామందికి అక్కర్లేదు. సీసాను కాసేపు గుప్పిట్లో పట్టుకుని వెచ్చబరచు, లేకపోతే కళ్లు తిరుగుతాయి. పక్కకి తిరిగి పడుకుని, చుక్కలు పడ్డాక అయిదు నిమిషాలు కదలకు. రెండు మూడు రోజుల్లో నొప్పి తగ్గినా, డాక్టరు చెప్పినన్ని రోజులూ వేసుకో. ఓ వారం పది రోజులు కొలను వైపు వెళ్లకు. నాలా షుగర్ ఉన్నవాళ్లు అసలు ఆలస్యం చేయకూడదు, వాళ్లలో ఇది ఎముకదాకా పోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం జాడీ మన చెవికి సాటి రాదు. జాడీని మనం కడగాలి, చెవి తనంతట తనే కడుక్కుంటుంది. కర్ణభేరి మీది చర్మం మెల్లగా, దాదాపు గోరు పెరిగేంత వేగంతో, బయటివైపు జరుగుతూ గుబిలిని మోసుకొస్తుంది. డాక్టర్లు కర్ణభేరి మీద సిరా చుక్క పెట్టి, అది రోజురోజుకీ అంచు వైపు జరగడం చూశారు. చర్మానికి ఆ దారి ఎవరు చెప్పారో! తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

చిన్నా, రేపు పొద్దున్న ఎండలో అక్క చెవి చూడు. నొప్పి ఉన్నది కాదు, రెండోది. చెవి డొప్పను మెల్లగా పైకీ వెనక్కీ లాగితే వంపు సర్దుకుని లోపలికి వెలుగు పడుతుంది. కళ్లతోనే చూడు, వేలు పెట్టకు. గుబిలి ఏ రంగులో ఉందో, అంచుకి ఎంత దగ్గర్లో ఉందో నాకు రాయి.

మీ తాతయ్య