రొయ్యల గుంటల్లో బ్యాక్టీరియా: అపోహలు - వాస్తవాలు

నేను నెల్లూరులో ఒక ఆక్వా ల్యాబ్‌లో పనిచేస్తున్నా. విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట వైపు నుంచి, అటు ఉలవపాడు, సింగరాయకొండ దాకా రైతులు నీళ్ళు, రొయ్యలు తెస్తుంటారు. రిపోర్ట్ చేతికివ్వక ముందే అందరూ అడిగేది ఒకటే, "ఎల్లో ఎంతొచ్చింది, గ్రీన్ ఎంతొచ్చింది అన్నా?" అని. అంటే రొయ్యలకి జబ్బు చేయగలిగే విబ్రియో అనే బ్యాక్టీరియా ల్యాబ్ ప్లేట్ మీద ఎల్లో చుక్కలు (కాలనీలు) ఎన్ని, గ్రీన్ చుక్కలు ఎన్ని వచ్చాయని. ఆ రెండంకెలు పట్టుకుని నేరుగా మందుల షాపుకి పోతున్నారు, అందుకే రాస్తున్నా, రొంత పెద్దదైనా చదవండి.

అపోహ: ఎల్లో కాలనీలు మంచివి, గ్రీన్ వస్తేనే ప్రమాదం

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న మాట ఇదే. విబ్రియో కోసం మేం వాడే టీసీబీఎస్ అనే, బ్యాక్టీరియాని పెంచే జెల్లీ ప్లేట్‌లో సుక్రోజ్ ఉంటాది, అంటే మనం టీలో వేసుకునే పంచదారే. దాన్ని తినగలిగిన బ్యాక్టీరియా యాసిడ్ వదుల్తుంది, ఆ యాసిడ్‌కి ప్లేట్‌లో కలిపిన రంగు ఎల్లోకి మారుతుంది, తినలేనిది గ్రీన్‌గా ఉండిపోతుంది. ఆ రంగు చెప్పేది పంచదార తినిందా లేదా అనే, రొయ్యని చంపుతుందా లేదా అని కాదు. 1884లో రాబర్ట్ కోక్ కలకత్తాలో కలరా రోగుల నుంచి వేరుచేసిన బ్యాక్టీరియా కూడా విబ్రియోనే, టీసీబీఎస్ మీద అది ఎల్లోగానే వస్తుంది, మరి దాన్ని మంచిదందామా?

ఈఎంఎస్ (ఎర్లీ మోర్టాలిటీ సిండ్రోమ్) సంగతి చూడండి, సీడ్ అంటే రొయ్య పిల్లల్ని వదిలిన నెల, నెలన్నర లోపే గుంట ఖాళీ చేసే జబ్బు. 2013లో అరిజోనా యూనివర్సిటీలో డొనాల్డ్ లైట్నర్ టీమ్ దీనికి కారణం విబ్రియో పారాహీమోలిటికస్ అని తేల్చింది, అయితే ఆ జాతి మొత్తం కాదు, కొన్నిట్లో ప్లాస్మిడ్ అనే విడి డీఎన్ఏ ముక్క ఉంటాది, దాని మీదున్న పిర్ ఏ, పిర్ బీ జీన్ల నుంచి వచ్చే టాక్సిన్ రొయ్య హెపటోలో (మన లివర్ లాంటి అవయవం) కణాల్ని ఊడగొడుతుంది. ఆ ముక్క లేకపోతే గ్రీన్ కాలనీలు ఎన్నొచ్చినా అది ఈఎంఎస్ కాదు. తర్వాత అదే ముక్క విబ్రియో హార్వేయి, క్యాంప్‌బెల్లీ లాంటి వాటిల్లో కూడా దొరికింది, వాటిల్లో ఎల్లో వచ్చేవి కూడా ఉన్నాయి. కాబట్టి అనుమానం ఉంటే ఆ డీఎన్ఏ ముక్కని వెతికే పీసీఆర్ టెస్ట్ చేయించాల్సిందే, ప్లేట్ ఒక్కటే చాలదు.

ఇంకో సంగతి, కాలనీలు కిక్కిరిసి వస్తే పక్కవాటి యాసిడ్ పాకి గ్రీన్‌వి కూడా ఎల్లోగా కనపడతాయి, 24 గంటలకి చూడాల్సిన ప్లేట్‌ని రెండో రోజు చూస్తే ఎల్లోవి కొన్ని మళ్ళీ గ్రీన్‌కి తిరుగుతాయి. ఎవరు, ఎప్పుడు లెక్కపెట్టారన్నది కూడా అడగండి.

అపోహ: వైట్ స్పాట్‌కి గట్టి యాంటీబయాటిక్ పడితే ఆగిపోద్ది

ఆగదు, రొయ్య పెంకు మీద తెల్లమచ్చలొచ్చే ఆ జబ్బుకి కారణం వైరస్. 1994 నుంచి మన కోస్తాలో టైగర్ రొయ్యని దెబ్బకొట్టింది అదే. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. వైట్ ఫీకల్ (తెల్ల రెట్ట), సైజు తేడాలతో చాలాసార్లు బయటపడే ఈహెచ్‌పీ కూడా బ్యాక్టీరియా కాదు, ఫంగస్ దగ్గరి జాతి పరాన్నజీవి, దానికీ అంతే.

నిజంగా బ్యాక్టీరియా జబ్బే అయినా ఒకటి ఆలోచించండి. జబ్బు పడ్డ రొయ్య ముందు మేత మానేస్తుంది, చెక్‌ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూసే పళ్ళెం) మేత మిగిలిపోయేది అందుకే. మేతలో కలిపిన మందు తినేది బాగున్న రొయ్యలు, మిగతాది అడుగు బురదలోకి పోతుంది, అక్కడ బ్యాక్టీరియా ఆ మందుకి అలవాటు పడి ఆ తట్టుకునే గుణాన్ని ప్లాస్మిడ్ల ద్వారా పక్క బ్యాక్టీరియాకి అందిస్తుంది. మన దగ్గర ఒకరు వదిలిన నీళ్ళే కాలవలో కలిసి ఇంకొకరి గుంటకి మోటార్ ఎక్కుతుంటాయి, అంటే ఒకరు వేసిన మందు ఊరందరికీ చేరినట్టే. ఇక క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటివి రొయ్యల్లో నిషేధం, నైట్రోఫ్యూరాన్ ఆనవాళ్ళు కండలో అతుక్కుని వారాల తరబడి ఉంటాయి, రొయ్యలు పట్టే ముందు టెస్టులో దొరికితే ఆ పంట కొనేవాళ్ళు ఉండరు. "మేతలో కలపండి, ఏం కాదు" అని చెప్పేవాళ్ళ మీద నాకు కోపం వస్తుంది, నష్టపోయేది రైతు గదా.

అపోహ: బ్లీచింగ్ కొడితే విబ్రియో పోతుంది

ఆ రోజుకి తగ్గుతుంది. బురద, ఆల్గే ఉన్న నీళ్ళలో క్లోరిన్ సగం వాటికే ఖర్చైపోతుంది, పీహెచ్ ఎక్కువుంటే పనితనం ఇంకా తగ్గుతుంది. చచ్చిన ఆల్గే మీద మళ్ళీ ముందు లేచేది త్వరగా పెరిగే విబ్రియోనే. సీడ్ వేయకముందు నీళ్ళకి సరే, నడుస్తున్న గుంటలో మాత్రం వద్దు. బ్లీచింగో అయోడినో కొట్టి అదే రోజు ప్రోబయాటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) పోసేవాళ్ళూ ఉన్నారు, రెండు ఖర్చులూ నీళ్ళపాలే. ప్రోబయాటిక్‌ని బెల్లంతో పులియబెట్టేటప్పుడు డ్రమ్ముకి మూత ఉండాలి, గుంట నీళ్ళు వాడొద్దు, అట్టాంటి డ్రమ్ముల నుంచి తెచ్చిన శాంపిల్లో విబ్రియో వచ్చిందే మేం చూస్తున్నాం.

ఇక శాంపిల్ తెచ్చేటప్పుడు. నీళ్ళ బాటిల్‌ని ఎండలో బండికి తగిలించుకుని తేవద్దు, అనుకూలంగా ఉంటే విబ్రియో పావుగంటలోపే రెట్టింపవుతుంది, మీకొచ్చే కౌంట్ గుంటది కాదు, బాటిల్‌ది. ఐసుబాక్స్‌లో, ఐసు నేరుగా తగలకుండా, గుడ్డో పేపరో అడ్డం పెట్టి తెండి. చచ్చిన రొయ్యలు తెస్తే ప్రయోజనం లేదు, చచ్చిన కాసేపటికే అన్ని రకాల బ్యాక్టీరియా దాన్ని ఆక్రమిస్తాయి. గట్టు పక్కన నీరసంగా తిరిగే రొయ్యల్ని, బతికున్నవాటిని, గుంట నీళ్ళలోనే గాలి పట్టించి పొద్దున్నే తెండి.