నలభై దాటాక లారీ నేర్చుకోవడం: అపోహలు – వాస్తవాలు

నేను విజయవాడ ఆటోనగర్ దగ్గర హెవీ డ్రైవింగ్ నేర్పిస్తాను. అంతకుముందు చాలా ఏళ్లు లారీయే నా ఉద్యోగం. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో నలభై దాటినవాళ్లు చాలామందే ఉంటారు. ఆటో తోలినవాళ్లు, సొంత ట్రాక్టరు ఉన్న రైతులు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు, కొట్టు నడవక మూసేసినవాళ్లు. ఇంట్లో ఒక మాట, టీకొట్టు దగ్గర ఇంకో మాట విని సగం భయంతో, సగం ధీమాతో వస్తారు. భయం నాలుగు రోజుల్లో పోతుంది. ధీమా తగ్గించడానికే నాకు ఎక్కువ టైమ్ పడుతుంది.

అపోహ: నలభై దాటితే హెవీ లైసెన్సు ఇవ్వరు

1988 మోటారు వాహనాల చట్టంలో కింది హద్దు మాత్రమే ఉంది. రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. పై హద్దు లేదు. లైట్ మోటార్ లైసెన్సు వచ్చి కనీసం ఏడాది అయి ఉండాలి, ఆ తర్వాతే హెవీకి ఎల్.ఎల్.ఆర్. (నేర్చుకునేవాళ్ల లైసెన్సు) ఇస్తారు. గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూలు నుంచి ఫారం 5 (శిక్షణ సర్టిఫికెట్), డాక్టరు సంతకంతో ఫారం 1ఎ (ఆరోగ్య సర్టిఫికెట్) కావాలి. ఈ డాక్టరు సర్టిఫికెట్ చూసి "వయసైందని అడుగుతున్నారు" అని కొందరు నొచ్చుకుంటారు. అదేం కాదు. రవాణా లైసెన్సుకు ఇరవై రెండేళ్ల కుర్రాడైనా అది ఇవ్వాల్సిందే.

ఈ అపోహ ఎక్కడిదంటే, ఆర్టీసీ డ్రైవర్ల నియామకానికి వయోపరిమితి ఉంటుంది. ఆ ఉద్యోగం రూలును లైసెన్సు రూలు అనుకుంటారు. ఇంకో సంగతి: రవాణా లైసెన్సు గడువు ఒకప్పుడు 3 ఏళ్లు, 2019 సవరణ తర్వాత 5 ఏళ్లు. గడువు ముగిసి ఏడాది దాటితే మళ్లీ టెస్టు పెడతారు, కాబట్టి తారీఖు గుర్తుపెట్టుకోండి.

అపోహ: ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్నాను, లారీ అంటే కాస్త పెద్ద కారే

నా దగ్గర అందరికంటే ఆలస్యంగా నేర్చుకునేది ఇలా అనుకునేవాళ్లే. ట్రాక్టరు రైతులు వీళ్లకంటే ముందుంటారు. వెనక ట్రక్కు ఎటు వస్తుందో చూసుకోవడం వాళ్లకు అలవాటు.

కారులో ముందు చక్రాలు మీకంటే ముందుంటాయి. లారీలో మీరు దాదాపు ముందు చక్రం మీదే కూర్చుంటారు. కారు అలవాటుతో మలుపులో స్టీరింగ్ తొందరగా తిప్పితే వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఎడమ పక్క బైకు ఉంటే దాని మీదికే. అందుకే క్యాబిన్ మలుపు దాటి కొంచెం ముందుకు వెళ్లాక తిప్పమంటాను. మొదటి రోజుల్లో ఇది చాలామందికి మింగుడుపడదు.

తర్వాత గాలి బ్రేకు. ఇంజన్ స్టార్ట్ చేయగానే బండి కదపకూడదు. ట్యాంకుల్లో గాలి నిండి, మీటరు ముల్లు పైకి ఎక్కి, హెచ్చరిక దీపం ఆరేదాకా ఆగాలి. కారులోలాగా బ్రేకును పదేపదే తొక్కి వదిలితే గాలి ఖర్చైపోతుంది. బాగా తగ్గిపోతే స్ప్రింగు బ్రేకు పడి చక్రాలు బిగుసుకుంటాయి, బండి రోడ్డు మధ్యలో ఆగిపోతుంది. పైగా తొక్కిన క్షణానికే పట్టదు, గాలి చక్రం దాకా వెళ్లడానికి కొద్ది వ్యవధి పడుతుంది. 28 టన్నుల పది చక్రాల బండి ఆ వ్యవధిలో ఎంత దూరం పోతుందో మైదానంలో గీత గీసి చూపిస్తాను. ఎంత చెప్పినా ఎక్కనిది ఆ గీత చూశాక ఎక్కుతుంది.

గల్ఫ్‌లో నడిపి వచ్చినవాళ్లకు లేన్ క్రమశిక్షణ చక్కగా ఉంటుంది. కాకపోతే అక్కడ రోడ్డుకు కుడివైపు నడిపి, ఎడమ సీట్లో కూర్చుని ఉంటారు. కంగారు పడినప్పుడు చూపు పాత అద్దం వైపే పోతుంది. ఆ అలవాటు మారేదాకా వాళ్లను హైవే ఎక్కించను.

అపోహ: దిగుడులో న్యూట్రల్ చేస్తే డీజిల్ మిగులుతుంది

పాత డ్రైవర్లు కూడా నేర్పే చెడ్డ అలవాటు ఇది, వింటే కోపం వస్తుంది. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే డీజిల్ సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే ఇంజన్ తిరగడానికి డీజిల్ కాలుతుంది. అంటే మిగిలేదేం లేదు, ఇంజన్ పట్టు మాత్రం పోతుంది. బరువంతా బ్రేకుల మీద పడి డ్రమ్ములు కాలిపోయి పట్టడం మానేస్తాయి. మారేడుమిల్లి ఘాట్ అయినా, చిత్తూరు దగ్గర మొగిలి ఘాట్ అయినా ఎక్కిన గేరులోనే దిగాలి, ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజన్ పొగ దారిని మూసి బండిని నెమ్మదింపజేసేది) వాడాలి. గేరు దిగుడు మొదలు కాకముందే వేసుకోవాలి.

అపోహ: సరుకు బండి ఏదైనా సరే హెవీ లైసెన్సే కావాలి

అక్కర్లేదు. ఆర్.సి.లో మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా వాహనాన్ని లైట్ మోటార్ లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది. టాటా ఏస్, బొలేరో పికప్ లాంటివి ఇందులోకే వస్తాయి. పెద్ద వయసులో ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నా సలహా ఇదే: ముందు కొన్నాళ్లు చిన్న బండి మీద సరుకు తోలండి. లోడు ఎలా సర్దాలో, తాడు ఎలా బిగించాలో, గోడౌన్ల దగ్గర పని ఎలా జరుగుతుందో తెలుస్తుంది.

అపోహ: డ్రైవరుకు చదువుతో పనిలేదు

8వ తరగతి నిబంధన 2019లో తీసేసిన మాట నిజమే, అది మంచి పనే. కానీ చదవడం రావాల్సిన అవసరం ఇప్పుడు పెరిగింది. సరుకుతోపాటు ఉండాల్సిన జీఎస్టీ రవాణా పత్రం, అంటే ఈ-వే బిల్లు గడువు మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు. గడువు చూసుకోకుండా బయలుదేరితే దారిలో ఆపేస్తారు. కొత్త కాలుష్య ప్రమాణాల బీఎస్-6 బండ్లలో యాడ్‌బ్లూ (పొగలో విషవాయువులు తగ్గించే ద్రవం) తగ్గితే డాష్‌బోర్డు మీద హెచ్చరిక వస్తుంది. పట్టించుకోకపోతే బండి పికప్ తగ్గించేస్తుంది. ఆ ట్యాంకులో నీళ్లు పోయడం, యూరియా కలిపి పోయడం మహా తప్పు, రిపేరు ఖర్చు వాచిపోతుంది. సైలెన్సరు తనను తాను శుభ్రం చేసుకునే సమయంలో విపరీతంగా వేడెక్కుతుంది. కోతల కాలంలో ఎండుగడ్డి మీద బండి ఆపకండి.

అపోహ: కండబలం లేనిదే లారీ తోలలేరు

పవర్ స్టీరింగ్ వచ్చాక ఈ మాటకు అర్థం లేదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ కూడా తప్పనిసరి చేశారు. అయితే నడుము గట్టిగా ఉండాలి. లోడు మీదికెక్కి టార్పాలిన్ పట్టా కట్టడం, స్టెప్నీ దించడం మాత్రం ఇప్పటికీ కష్టమే. వాటికి క్లీనరు సాయం తీసుకోవడంలో నామోషీ లేదు.

అపోహ: నిద్ర ఆపుకోగలిగినవాడే అసలైన డ్రైవరు

నిద్ర ఎవరూ ఆపుకోలేరు. కళ్లు తెరిచి ఉండగానే మెదడు కొన్ని సెకన్లు పడుకుంటుంది, అది మనకు తెలియదు. రాత్రి 2 నుంచి 5 వరకు ఒళ్లు నిద్ర కోరుతుంది, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇంకోసారి. హైదరాబాద్ నుంచి వస్తూ చిల్లకల్లు టోల్‌గేటు ఎప్పుడు దాటామో గుర్తు రాకపోతే, మీరు అప్పటికే నిద్రలో నడుపుతున్నట్టు. మొహం కడుక్కోవడం, గుట్కా, గట్టిగా పాటలు పెట్టుకోవడం ఇవేవీ పనిచేయవు. సరైన చోట బండి ఆపి, ఒక టీ తాగి ఇరవై నిమిషాలు పడుకుంటే కొంత మేలు. పూర్తి నిద్రకు బదులు మాత్రం అది కాదు.

నలభై దాటినవాళ్లు ఇక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎదుటి లైటు కళ్లలో పడ్డాక చూపు తేరుకోవడానికి వయసుతోపాటు టైమ్ పెరుగుతుంది. గట్టిగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరాడక లేచి, పగలు కునికిపాట్లు పడుతుంటే డాక్టరును కలవండి. దానికి చికిత్స ఉంది. షుగరు మందులు వాడుతూ భోజనం ఆలస్యం చేస్తే చెమటలు పట్టి, చేతులు వణికి, మతి తప్పుతుంది. క్యాబిన్‌లో గ్లూకోజు, బిస్కెట్లు ఎప్పుడూ ఉంచుకోండి. జలుబు మాత్రలు కొన్ని మత్తునిస్తాయి, వేసుకునే ముందు అడిగి తెలుసుకోండి. ఇవన్నీ ఫారం 1ఎ రాసే డాక్టరు దగ్గర దాచేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. సంతకం కోసం దాచిన జబ్బు రోడ్డు మీద బయటపడుతుంది, అప్పుడు పక్కవాళ్ల ప్రాణాలూ పోతాయి.

అపోహ: నేర్చుకోగానే సొంత లారీ కొంటే త్వరగా నిలదొక్కుకోవచ్చు

పొలం అమ్మి, అప్పు చేసి కొన్నవాళ్లు నాకు తెలుసు. లోడు దొరికినా దొరక్కపోయినా కంతు ఆగదు. టైర్లు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ ఆగవు. ఆ కంతు టెన్షనే కొత్త డ్రైవరును రాత్రంతా మేల్కొని నడిపేలా చేస్తుంది. మొదటి ఏడాది జీతానికే చేయండి. అదీ తెలిసిన రోడ్డు మీద, వీలైనంతవరకు పగటి ట్రిప్పులు. జగ్గయ్యపేట నుంచి సిమెంటు, కాకినాడ పోర్టుకు బియ్యం లాంటి దగ్గరి కిరాయిలు ఈ జిల్లాల్లో ఉంటాయి. పనిలో చేరేముందు ఓనరును రెండు విషయాలు అడగండి. దూరం ట్రిప్పులకు రెండో డ్రైవరును ఇస్తారా? నిద్ర వస్తోందని బండి పక్కన పెడితే ఆలస్యానికి బేటా (ట్రిప్పు భత్యం) కోస్తారా? వీటికి సూటిగా జవాబు చెప్పని చోట చేరకండి.