షో రింగులో హ్యాండ్లర్లు: అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లుగా కుక్కల పోటీల్లో హ్యాండ్లర్‌గా, అంటే కుక్కను రింగులో నడిపించి జడ్జికి చూపించేవాడిగా ఉన్నాను. ఏ ఊరి షోకు వెళ్లినా రింగు తాడు పక్కన వినిపించే మాటలు దాదాపు ఇవే.

అపోహ: బొచ్చుకు కాస్త చాక్‌పౌడర్ అద్దినా, స్ప్రే కొట్టినా అది గ్రూమింగే.

వాస్తవం: కాదు. కుక్కల పోటీల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ నిబంధనల ప్రకారం కత్తిరించడం, దువ్వడం, బ్రష్ చేయడం వరకే అనుమతి. బొచ్చు, చర్మం, ముక్కు స్వరూపాన్ని మార్చే పదార్థం ఏదీ వాడకూడదు. అనుభవం ఉన్న జడ్జి బొచ్చులోకి వేళ్లు పోనిచ్చి, తర్వాత తన అరచేయి చూసుకుంటారు. తెల్లగా అంటుకుంటే ఇక చెప్పేదేముంది?

అపోహ: యజమాని బయటి నుంచి పిలిస్తే కుక్క హుషారుగా నిలబడుతుంది, అందులో మోసం లేదు.

వాస్తవం: దీన్ని డబుల్ హ్యాండ్లింగ్ అంటారు. ఎఫ్‌సీఐ షోలలో నిషేధం. అయినా జర్మన్ షెపర్డ్ రింగు చుట్టూ ఈలలు, కీచుబొమ్మల మోత తగ్గదు.

అపోహ: జడ్జికి తెలిసిన హ్యాండ్లరే గెలుస్తాడు.

వాస్తవం: ముఖం చూసి మార్కులేసే జడ్జిలు అసలు లేరని నేననను. కానీ ఇంటికి వెళ్లి వీడియో చూసుకుంటే, చాలాసార్లు మన కుక్క నడకే మనకు జవాబు చెబుతుంది.

అపోహ: రూలు మీరనంత వరకు అంతా సవ్యమే.

వాస్తవం: నాకు ఒళ్లు మండేది ఇక్కడే. రింగులో కుక్కలు వరుసగా పరుగెత్తుతుంటాయి. వెనుక హ్యాండ్లర్ కావాలని దగ్గరగా తరుముకొస్తాడు. ముందున్న కుక్క బెదిరి, చక్కటి ట్రాట్ (ఎదురెదురు మూలల కాళ్లు జతగా వేసే పరుగునడక) వదిలేసి ఒకవైపు కాళ్లు రెండూ ఒకేసారి వేస్తూ ఊగిపోతుంది. జడ్జి అప్పుడే ఇటు తిరిగితే ఆ కుక్క పని అయిపోయినట్టే. అడిగితే ఆ వెనుక హ్యాండ్లర్ 'మీ కుక్కే నెమ్మది' అని నవ్వేస్తాడు. ఎవరేం నిరూపిస్తారు? నా కుక్క వేగం ఎక్కువైతే 'ముందు మీరు వెళ్లండి, కాస్త ఆగి వస్తాను' అంటాను. పది సెకన్లు కూడా పట్టదు.

నేనూ శుద్ధపూసను కాను. తొలినాళ్లలో కుక్క చూపు నా మీదే నిలపడానికి ఎరగా తెచ్చిన ఉడికించిన కాలేయం ముక్కలు రింగులోనే రాల్చేసి వచ్చేవాణ్ణి. ఒకసారి నా తర్వాత వచ్చిన రాజపాళయం జాతి కుక్క తల ఎత్తితే ఒట్టు! దాని హ్యాండ్లర్ లీష్ లాగుతూనే ఉన్నాడు, అది నేలంతా వాసన చూస్తూనే ఉంది. అతను నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మధ్యాహ్నం తన సంచిలోంచి ఒక ఖాళీ డబ్బా తీసి, 'ముక్కలు దీంట్లో వేసుకోండి' అని నా చేతిలో పెట్టి వెళ్లాడు. ఆ డబ్బా ఇప్పటికీ నా గ్రూమింగ్ పెట్టెలోనే ఉంది.