బడిలో చదరంగం: లెక్కల మార్కుల మాట ఎక్కడ మొదలైంది?

ఈ మధ్య ఒక ప్రభుత్వ బడి వరండాలో ఇద్దరు ఐదో తరగతి పిల్లలు చదరంగం ఆడుతుంటే నిలబడి చూశాను. గచ్చు మీద సుద్దముక్కతో గీసిన గళ్లు. ఒక శకటు పోయిందేమో, దాని చోట పెన్ను మూత. పాప గుర్రం మీదకు చెయ్యి పోనిచ్చి, ఠక్కున వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ముట్టుకుంటే ఆడి తీరాలి మరి. పక్కనే ఉన్న తండ్రి టీచరమ్మను అడిగాడు: "దీనివల్ల లెక్కలు బాగా వస్తాయా అండీ?"

ఆ ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉంది.

సోవియట్ రోజుల్లో పిల్లలకు చదరంగం నేర్పింది ఎక్కువగా బడి కాదు, ప్రభుత్వం పిల్లల కోసం నడిపిన క్లబ్బులు, పయనీర్ భవనాలు. జార్జియా రాజధాని టిబిలిసీలో అలాంటి చోటే ఆట నేర్చుకున్నాడు టిగ్రాన్ పెట్రోస్యాన్. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయి, వీధులూడ్చి బతికిన అర్మేనియన్ కుర్రాడు. 1963లో అతను అప్పటి చాంపియన్ బోత్విన్నిక్‌ను ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ పోటీ మాస్కోలో జరుగుతుంటే అర్మేనియా రాజధాని యెరెవాన్‌లో జనం కూడలిలో పెట్టిన పెద్ద బోర్డుల ముందు గుమిగూడి ఒక్కో ఎత్తునూ చూశారు. ఆ తర్వాత ఎందరో తల్లిదండ్రులు కొడుకులకు టిగ్రాన్ అని పేరు పెట్టుకున్నారు. 2006లో, 2008లో అర్మేనియా చదరంగం ఒలింపియాడ్ గెలిచింది, అంటే దేశాల జట్ల పోటీ. జనాభా మన ఒక్క జిల్లా అంత! 2011లో ఆ దేశం రెండు నుంచి నాలుగో తరగతి దాకా చదరంగాన్ని తప్పనిసరి పాఠం చేసింది. పాఠ్యపుస్తకాలు రాయించి, టీచర్లకు శిక్షణ ఇచ్చి మరీ మొదలుపెట్టింది.

మరుసటి ఏడాదే యూరప్ పార్లమెంటు బడుల్లో చదరంగాన్ని సమర్థిస్తూ ప్రకటన చేసింది. ఆట మీద ప్రేమతో మొదలైన పనికి ఈలోగా ఇంకో వాదన తోడైంది: పిల్లల బుర్ర పదునెక్కుతుంది, లెక్కల్లో మార్కులు పెరుగుతాయి అని. బడ్జెట్ అడగాలంటే మార్కుల మాట తేలికగా పనికొస్తుంది కదా.

ఇంగ్లండ్‌లో దీన్ని గట్టిగానే పరీక్షించారు. 100 ప్రాథమిక పాఠశాలలు తీసుకుని, లాటరీ పద్ధతిలో కొన్నింటిలో మాత్రమే తొమ్మిది, పదేళ్ల పిల్లలకు 30 గంటల చదరంగం నేర్పారు. ఏడాది ఆగి లెక్కల పరీక్ష చూస్తే, నేర్చుకున్నవాళ్లకూ నేర్చుకోనివాళ్లకూ తేడా కనిపించలేదు. 2016లో వచ్చిన ఫలితం ఇది. అదే ఏడాది ఇద్దరు పరిశోధకులు 24 అధ్యయనాలను కలిపి చూస్తే కొంత మేలు కనిపించింది. కానీ వాటిలో చాలావాటికి ఒక లోటుంది. చదరంగం పిల్లలను ఇంకేదైనా కొత్త పని నేర్చుకున్న పిల్లలతో పోల్చలేదు. కొత్త సారు, కొత్త ఆట అనే ఉత్సాహమే ఆ మేలుకు కారణం కావచ్చు.

మరి బడిలో ఈ ఆట దండగా? కానే కాదు. లెక్కలు రావాలంటే లెక్కలే చెప్పాలి, ఆ భారం చదరంగం మీద వేయడం అన్యాయం. సంగీతాన్నీ కబడ్డీనీ మనం మార్కులు చూపించమని అడగం. చెయ్యి ముందుకు పోతుంటే ఆపుకోవడం, అవతలివాడి పైఎత్తు ఊహించడం, ఓడాక లేచి చెయ్యి కలపడం ఆ వరండాలో నా కళ్లముందే జరిగాయి. పదేళ్ల పిల్లకు అవి చిన్నవేమీ కావు.

ఇంకో సంగతి నన్ను కుదురుగా ఉండనివ్వదు. 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిన కోనేరు హంపికి తండ్రే గురువు. గుంటూరు గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణకు మొదట తాతగారు నేర్పారు. ఇంట్లో నేర్పేవాళ్లు లేని పిల్లలకు బడే తాతగారు, బడే తండ్రి. వారానికో పీరియడ్, ఆట తెలిసిన ఒక టీచరు, ముప్పై రెండు పావులూ ఉన్న పెట్టెలు నాలుగు. ఆ పాపకు పెన్ను మూత బదులు అసలు శకటు ఇవ్వాలంటే కావాల్సింది ఇంతే.